పై అధికారితో మమేకమయ్యే ఉద్యోగిని భజనపరుడనడం న్యాయం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

ఆఫీసుల్లో భజనపరుల గురించి మీ పాఠకుల పేజీలో కొన్ని వారాలుగా వస్తున్న ఉత్తరాలను వరుసగా చదువుతున్నాను. పై అధికారి తుమ్మితే ‘చిరంజీవ’ అంటూ ఆయన చుట్టూ తిరిగేవాళ్ళ వల్ల, నోరు మూసుకొని పని చేసుకునేవాళ్ళకు ఎంత అన్యాయం జరుగుతోందో రాసినవారి ఆవేదన చాలా మటుకు న్యాయమైనదే. అయితే ఆ ఉత్తరాలు దాదాపు అన్నీ రెండు వేర్వేరు రకాల మనుషులను ఒకే గాటన కట్టేశాయనిపించి ఇది రాస్తున్నాను. భజన చేసేవాడికి తాను చేస్తున్నది భజనేనని తెలుసు. తన అధికారికి మెమో వచ్చినంత మాత్రాన వాడికి నిద్ర పట్టకుండా పోదు. ఆయనకు బదిలీ ఆర్డరు వచ్చిన సాయంత్రానికే, రాబోయే అధికారి ఫోన్ నంబరు సంపాదించి పెట్టుకుంటాడు. అలాంటివాడి సంగతి అందరికీ తెలిసిందే, అతని మీద కొత్తగా చెప్పవలసింది కూడా పెద్దగా లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంకో మనిషి గురించి: పై అధికారి గెలుపును తన గెలుపుగా, ఆయనకు జరిగిన అవమానాన్ని తన అవమానంగా మనసులో నిజంగానే అనుభవించే ఉద్యోగి గురించి. ఇతన్ని కూడా భజనపరుల లెక్కలో వేసి పక్కన పెట్టేస్తే, మన ఆఫీసుల్లో జరిగే మంచికీ చెడుకూ ఉన్న అసలు కారణాల్లో ఒక పెద్ద కారణం మన కంటికి ఆనకుండానే పోతుంది.

నేను కడప, అనంతపురం జిల్లాల పల్లె బ్రాంచీల్లో గ్రామీణ బ్యాంకు ఉద్యోగం చేశాను. గుమాస్తాగా చేరి, బ్రాంచి మేనేజరుగా పదవీ విరమణ చేశాను. కౌంటరు దగ్గర కూర్చొని మేనేజరు గది వైపు చూసిన ఏళ్ళూ, ఆ గదిలో కూర్చొని కౌంటరు వైపు చూసిన ఏళ్ళూ రెండూ ఉన్నాయి కాబట్టి ఈ విషయం మీద నాకు తెలిసింది చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఒక ఉద్యోగి తన అధికారితో మమేకమవుతున్నాడనడానికి మొదటి గుర్తులు పొగడ్తల్లో కనపడవు, చాలా చిన్న పనుల్లో కనపడతాయి. కొత్తగా చేరిన గుమాస్తా ఒకతను ఉండేవాడు. మా మేనేజరు గారికి, కౌంటరు దగ్గరికి వచ్చిన రైతును పని అడిగే ముందు “ఏం పెద్దాయనా, మీ పక్క వాన పడిందా?” అని పలకరించడం అలవాటు. చేరిన కొన్ని నెలలకు ఆ కుర్రవాడు కూడా అదే మాటతో, అదే గొంతుతో, తల కూడా అలాగే కొంచెం పక్కకు వంచి అడగడం మొదలుపెట్టాడు. వోచర్ల కట్ట మీద దారం చుట్టే తీరు, చెక్కు వెనక సంతకం సరిచూసేటప్పుడు చూపుడు వేలు పెట్టే తీరు, చివరికి రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడే తీరు కూడా ఆయనదే అయింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చూసి మెచ్చుకోలేదు, ఆ మేనేజరు గారు గమనించారని కూడా నేను అనుకోను. ఇందులో లాభాపేక్ష ఎక్కడుంది? ఆ తర్వాత అతని మాటల్లో ‘సారు టార్గెట్’ పోయి ‘మన టార్గెట్’ వచ్చింది. రీజనల్ మీటింగులో ఆయనను నలుగురి ముందు నిలదీశారని తెలిసిన రోజు ఇతను మధ్యాహ్నం క్యారియరు విప్పలేదు.

దీని గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఆలోచిస్తూనే ఉన్నారు. హెర్బర్ట్ కెల్మన్ అనే అమెరికన్ పండితుడు 1958లో ఒక వ్యాసంలో, ఒక మనిషి మాటను ఇంకొకరు వినడంలో మూడు రకాలున్నాయని విడదీసి చూపించాడు. శిక్షకు భయపడో, దక్కే ఫలితం కోసమో వినడం ఒకటి. చెప్పినవారితో ఉన్న సంబంధం తనకు విలువైనది కాబట్టి, ఆ సంబంధంలోనే తన ఉనికి కనిపిస్తోంది కాబట్టి వినడం రెండోది. చెప్పిన విషయమే సరైనదని తన విలువలతో సరిపోల్చుకొని దాన్ని సొంతం చేసుకోవడం మూడోది. ఆయన చెప్పిన దాంట్లో నాకు బాగా నచ్చినదేమిటంటే, ఈ మూడింటినీ బయటి నుంచి గుర్తుపట్టే పద్ధతి. భయంతో వినేవాడు అధికారి కళ్ళెదుట ఉన్నంతసేపే పాటిస్తాడు. మమేకమైనవాడు ఆయన పక్కన లేకపోయినా పాటిస్తాడు, కానీ ఆ సంబంధం మనసులో సజీవంగా ఉన్నంతవరకే. సొంతం చేసుకున్నవాడు ఎవరున్నా, ఎవరు పోయినా పాటిస్తాడు. ఈ లెక్కన చూస్తే మన ఆఫీసుల్లో ఎవరు ఏ రకమో తేల్చడానికి పరీక్షలేవీ అక్కరలేదు, అధికారి బదిలీ అయి వెళ్ళిన తర్వాతి నెల చూస్తే చాలు. భజనపరుడు అప్పటికే కొత్తవారి దగ్గర చేరి ఉంటాడు. మమేకమైన ఉద్యోగి దారి తప్పినవాడిలా ఉంటాడు. పనిని సొంతం చేసుకున్నవాడు ఎప్పటిలాగే పదింటికి కౌంటరు తెరుస్తాడు.

ఈ అనుబంధం ఎందుకు పుడుతుందన్న ప్రశ్న నాకు మరీ ముఖ్యం. నా అనుభవంలో మొదటి కారణం దగ్గరితనం. ఒక పల్లె బ్రాంచిలో చేరిన పిల్లకు ‘సంస్థ’ అంటే ఏమిటి? హెడ్డాఫీసు ఆమెకు ఒక సర్క్యులర్ నంబరు, నెలాఖరున ఖాతాలో పడే జీతం, ఏడాదికొకసారి వచ్చే ఇన్‌స్పెక్షన్, అంతే. బిడ్డకు జ్వరమొస్తే సెలవు మంజూరు చేసేది మేనేజరు. క్యాషులో వంద రూపాయలు తక్కువ వచ్చి చేతులు వణుకుతున్న సాయంత్రం పక్కన కూర్చొని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించేది మేనేజరు. అందువల్ల ఆ మనిషి మంచివాడైతే బ్యాంకు మంచిది, ఆ మనిషి కఠినుడైతే బ్యాంకు కఠినమైనది. రాబర్ట్ ఐసెన్‌బర్గర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవారు ఇదే విషయాన్ని పరిశోధనల్లో చూపించారు: పై అధికారి చూపే ఆదరణను ఉద్యోగులు సంస్థ చూపే ఆదరణగానే తీసుకుంటారనీ, ఆ అధికారికి సంస్థలో పలుకుబడి ఉన్నట్టు కనిపిస్తే ఆ భావన ఇంకా బలపడుతుందనీ. ఇది మనవాళ్ళకు వింతగా తోచదు. ఊళ్ళో ‘గవర్నమెంటు’ అంటే ఎమ్మార్వో ఆఫీసులో ఆ బల్ల వెనక కూర్చున్న మనిషే కదా.

రెండో కారణం అనిశ్చితి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు, ఊరు కాని ఊరికి మొదటి పోస్టింగు మీద వచ్చినవాళ్ళు, తాము సరిగా చేస్తున్నామో లేదో తెలియక లోపల్లోపల నలిగిపోతుంటారు. అలాంటి సమయంలో స్థిరంగా నిలబడి మాట్లాడే పెద్ద మనిషి ఒకరు కనిపిస్తే ఆ పోలికలోకి తమను తాము మలచుకోవడం వాళ్ళకు ఆసరా. మూడోది మన ఇళ్ళ నుంచి వస్తుందని చాలామంది అంటారు. మనోవిశ్లేషకుడు సుధీర్ కకర్ 1971లోనే భారతీయ సంస్థల్లో అధికార సంబంధాలకూ ఇంట్లో తల్లిదండ్రుల అధికారానికీ మధ్య ఉన్న పోలికలను పరిశీలించారు. మేనేజరుకు ఒంట్లో బాగాలేకపోతే ఇంటి నుంచి జావ కాచి తెచ్చే అటెండరును, కూతురి పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు మేనేజరు గారి మాట అడిగే క్యాషియరును చూసినవాళ్ళెవరూ ఆ పోలికను కాదనలేరు.

ఇక్కడ ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. మీ పేజీలో ఒక పాఠకుడు, అధికారిని నెత్తిన పెట్టుకోవడం రాయలసీమ మనుషుల స్వభావమనీ, ముఠా నాయకుల వెంట నడిచిన అలవాటు ఆఫీసుల్లోకి కూడా వచ్చిందనీ రాశారు. ఈ మాట నాకు కష్టం కలిగించింది. పైన చెప్పిన కెల్మన్ గానీ ఐసెన్‌బర్గర్ గానీ తమ పరిశోధనలు జమ్మలమడుగులోనో ధర్మవరంలోనో చేయలేదు. అమెరికా ఉద్యోగుల్లో, విద్యార్థుల్లో చూసినదే రాశారు. మనిషి ఎక్కడ దూరపు సంస్థ కింద, దగ్గరి అధికారి చేతిలో పని చేస్తాడో అక్కడ ఇది ఉంటుంది. సీమలో కరవు ఉంది, పని కోసం వలస ఉంది, చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదులుకోలేని ఇళ్ళు ఉన్నాయి. కాబట్టి ఉద్యోగం ఇచ్చిన ఆసరా విలువ ఇక్కడివాళ్ళకు ఎక్కువగా తెలుసు. దానికి ఫ్యాక్షన్ రంగు పులమడం మన పిల్లలకు చేసే అపకారం.

ఈ అనుబంధం వల్ల జరిగే మేలుకు మన కడపలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1820లో, ఇంకా 22 ఏళ్ళు నిండని ఒక ఇంగ్లీషు యువకుడు కడప కలెక్టరు హన్‌బరీ కింద సహాయకుడిగా చేరాడు. ఆ కలెక్టరు రైతులతో, కచేరీకి వచ్చినవాళ్ళతో ధారాళంగా తెలుగులో మాట్లాడేవాడు. ఆ మాట తీరునూ, దానివల్ల జనంలో ఆయనకున్న గౌరవాన్నీ దగ్గరగా చూసిన ఆ యువకుడికి తానూ అలా మాట్లాడగలగాలన్న పట్టుదల కలిగింది. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తర్వాత ఆయన వేరే ఊళ్ళకు బదిలీ అయ్యాడు, మళ్ళీ కడపకు వచ్చాడు, ఇక్కడే బంగళా కొని సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని తాళపత్రాలు సేకరించి సరిచూయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. పై అధికారిని చూసి మొదలైన అనుకరణ ఆ అధికారి నీడ దాటి ముప్పై ఏళ్ళ పాటు పెరిగి, ఆయన కంటే ఎన్నో రెట్లు పెద్ద పనిగా నిలిచింది. కెల్మన్ చెప్పిన రెండో రకం మూడో రకంగా మారడమంటే ఇదే. ఈ రోజు కడపలోని ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరు మీద ఉన్న గ్రంథాలయానికి వెళ్ళేవారిలో హన్‌బరీ పేరు ఎంతమందికి గుర్తుందో నాకు తెలియదు గానీ, ఒక పై అధికారికి అంతకు మించిన సార్థకత ఏముంటుంది? తెలివైన కుర్రవాడొకడు తనను చూసి ఒక మంచి అలవాటు చేసుకోవడం, ఆ తర్వాత తన అవసరం లేకుండానే అందులో నిలదొక్కుకోవడం.

ఇన్నేళ్ళలో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి మేలే. ఓపికగా పని చెప్పే మేనేజరు ఉన్న బ్రాంచిలో గుమాస్తాలు డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళతో కసురుకోకుండా మాట్లాడతారు. చదువురాని ముసలమ్మ వేలిముద్ర వేసేటప్పుడు ఆ కాగితంలో ఏముందో చదివి వినిపిస్తారు. శిక్షణ తరగతులు పెట్టి చెప్పించినా రాని సంస్కారం, తాము గౌరవించే మనిషి చేయగా చూస్తే వస్తుంది. డేవిడ్ స్లస్, బ్లేక్ ఆష్‌ఫోర్త్ అనే ఇద్దరు పండితులు 2007 నుంచీ రాస్తున్నదాన్ని బట్టి, అధికారితో ఏర్పడిన ఆ సంబంధం క్రమంగా సంస్థ మీద అభిమానంగా కూడా విస్తరించగలదు. నేను కూడా అలా జరగడం చూశాను.

అయితే ఇదే అనుబంధం ఒక మంచి ఉద్యోగిని ఎంత తప్పు దారిలోకి తీసుకుపోగలదో కూడా చూశాను. దాని గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం ముగించడం సరికాదు.

పసుపు ఎక్కువగా పండే ఒక ఊరి బ్రాంచికి నేను మేనేజరుగా వెళ్ళినప్పుడు, నాకు ముందున్నాయన గురించి అందరూ చాలా గొప్పగా చెప్పారు. అది నిజమే, ఆయన కష్టజీవి, చేతికి మరక లేని మనిషి. పంట రుణాల సంగతి తెలిసినవాళ్ళకు మార్చి నెల అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. 3 లక్షల రూపాయల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ. గడువులోగా కట్టినవాళ్ళకు అందులో 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. గడువు దాటితే రైతుకు ఆ రాయితీ పోతుంది, బ్రాంచికి వసూలు కాని బాకీల చిట్టా పెరుగుతుంది. అందుకని చాలామంది రైతులు ఒక్క రోజుకు బయట అప్పు తెచ్చి కట్టి, అదే రోజు మళ్ళీ కొత్త రుణం తీసుకుంటారు. దీనికి రైతు స్వయంగా రావాలి, సంతకం పెట్టాలి. కానీ మన కడప జిల్లాలో రైతులు చాలామంది కువైట్‌లో ఉంటారు, కొడుకుల దగ్గర బెంగళూరులో ఉంటారు. ఆ ఏడాది ఆ మేనేజరు గారి భార్య తిరుపతిలో ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన రాత్రి బస్సులో వెళ్ళి తెల్లవారి మళ్ళీ డ్యూటీకి వచ్చేవారు. రీజనల్ ఆఫీసు వసూళ్ళ జాబితాలో బ్రాంచి అడుగున ఉంది.

అక్కడ చురుకైన ఆఫీసరు అమ్మాయి ఒకతె ఉండేది. బ్యాంకులో ఎంట్రీ వేసేవారు ఒకరు, దాన్ని సరిచూసి పాస్ చేసేవారు ఇంకొకరు అయి ఉండాలనేది మొదటి రోజు నేర్పే పాఠం. మార్చి చివరి రోజుల్లో ఆమె, ఊళ్ళో లేని రైతుల ఖాతాలు కొన్నింటిని వాళ్ళ సంతకం లేకుండానే రెన్యువల్ చేయడానికి ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కూడా సరికాదు, తానే ముందుకొచ్చింది. రాత్రి తాను హాస్టలుకు భోజనానికి వెళ్తే పని ఆగకూడదని తన పాస్‌వర్డ్‌ను డిపాజిట్ చలానా వెనక రాసి మేనేజరు బల్ల మీది అద్దం కింద పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని వాడారు; ఎంట్రీ వేసే చేయీ, పాస్ చేసే చేయీ ఒకటే అయ్యాయి. ఆ తర్వాత నెలల్లో ఆయనకు బదిలీ అయింది, నేను వచ్చాను, ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్ వచ్చింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక రైతు, బాకీ తీర్చేద్దామని డబ్బు పట్టుకొని వచ్చి, పాత వడ్డీ కూడా అసలులో కలిసి తన పేరు మీద పెరిగి కనిపిస్తున్న కొత్త రుణం చూసి నిర్ఘాంతపోయాడు. తాను సంతకం పెట్టని కాగితం మీద తన పేరు ఎలా వచ్చిందని అతను అడిగిన ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

కంప్యూటరులో నమోదయ్యేది ఐడీ. ఆ ఐడీని ఎవరు, ఏ మనసుతో, ఎవరి కోసం వాడారన్నది అందులో ఉండదు. ఛార్జిషీటు ఆ అమ్మాయికి వచ్చింది, ఇంక్రిమెంట్లు ఆగాయి. విచారణలో ఆయన తన బాధ్యతను ఒప్పుకున్నారు, కానీ ఆ ఒప్పుకోలు ఆమె రికార్డును చెరిపేయలేదు. నన్ను ఎక్కువగా కలిచివేసింది శిక్ష కాదు, “సారు అడగలేదు మేడం, నేనే ఇచ్చాను. ఆయన పేరు ఆ లిస్టులో అడుగున చూడలేకపోయాను” అని ఆమె నాతో చెప్పిన మాట. అందులో అబద్ధం లేదు. భయం లేదు. ఆశ కూడా లేదు, ఎందుకంటే ఆ రెన్యువళ్ళ వల్ల ఆమెకు ప్రమోషనూ రాదు, నచ్చిన ఊరూ రాదు. ఇలాంటి తప్పును భజన అని పేరు పెట్టి మనం ఎలా అర్థం చేసుకుంటాం, ఎలా ఆపుతాం?

ఇది ఒక్క బ్రాంచిలో జరిగిన విచిత్రం కాదని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. జాన్సన్, అంఫ్రెస్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని మీదే: పై అధికారితో మమేకమైన ఉద్యోగి, ఆయనకు మేలు చేయడం కోసం నీతి తప్పిన పనులు చేయడానికి సిద్ధపడతాడనీ, నీతిపరుడిగా ఉండటం తన స్వభావంలో ముఖ్యమైన భాగమని భావించేవారిలో ఆ మొగ్గు తగ్గుతుందనీ అందులో తేలింది. మన రిజర్వు బ్యాంకు కూడా, ఆ పేరుతో కాకపోయినా, ఈ ప్రమాదాన్ని గుర్తించినట్టే ఉంది. సున్నితమైన బాధ్యతల్లో ఉన్నవారిని ఏడాదికొకసారి ముందుగా తెలియజేయకుండా వరుసగా కనీసం 10 పని దినాలు సెలవులో పంపాలని 2021లో ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది. ఒక మనిషి లేనప్పుడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటేనే, ఆ మనిషి మీది నమ్మకంతో ఎవరెవరు ఏమేమి చూసీ చూడనట్టు వదిలేశారో బయటపడుతుంది. ఈ నియమాన్ని తూతూమంత్రంగా నడిపే బ్రాంచీలు మంచి మనుషులను కాపాడుకునే అవకాశాన్ని చేజేతులా వదులుకుంటున్నాయి.

బదిలీ తర్వాత మిగిలినవాళ్ళ పరిస్థితి గురించి కూడా ఎవరూ పట్టించుకోరు. ‘పాత సారు ఉన్నప్పుడు’ అనే మాట నేను ఆ బ్రాంచిలో మొదటి నెలంతా విన్నాను. కొత్తగా వెళ్ళినవాళ్ళు దాన్ని ధిక్కారంగా తీసుకొని, అలా అన్నవాళ్ళకు ‘ఫలానాయన మనిషి’ అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర సర్వీసు అంతా వెంటాడుతుంది. నిజానికి అది దుఃఖం. బదిలీ అయి వెళ్ళిన అధికారితో పాటు తమ పనికి ఉన్న మెప్పు కూడా పోయిందని దిగులుపడే మనిషి ధిక్కారి ఎలా అవుతాడు? కొంత కాలం ఓర్చుకొని, ఆ పాతాయన పద్ధతుల్లో మంచివాటిని పేరు పెట్టి ఒప్పుకొని కొనసాగించే కొత్త అధికారికి ఆ ఉద్యోగి మళ్ళీ దక్కుతాడు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకొక చిక్కుంది. మగ ఉద్యోగి మగ అధికారిని గురుభావంతో చూస్తే విశ్వాసం అంటారు, ఆడ ఉద్యోగి అలా చూస్తే దానికి వేరే అర్థాలు తీస్తారు. అందువల్ల మా తరం ఆడవాళ్ళం చాలామందిమి, నేర్చుకోదగ్గ పెద్దవాళ్ళ దగ్గర కూడా దూరంగానే నిలబడి, అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా సర్వీసు గడిపాం. దానివల్ల మాకు జరిగిన నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు. ఆడ అధికారులు పెరుగుతున్న ఈ రోజుల్లో చేరుతున్న అమ్మాయిలకు ఆ నష్టం తగ్గుతుందని ఆశిస్తున్నాను.

కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగు మీద పనిచేసేవారి సంగతి విడిగా చూడాలి. ఊళ్ళలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రలు, తాత్కాలిక మెసెంజర్లు, ఇతర ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లు, వీళ్ళ కొనసాగింపు ఎక్కువగా పై అధికారి ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. వాళ్ళు చూపించే విధేయతలో ఎంత అభిమానం, ఎంత భయం అన్నది వాళ్ళకే తెలియకపోవచ్చు. సెలవు రోజున పిలిచి ఇంటి పని చెప్పినా నవ్వుతూ చేసే మెసెంజరును చూసి ‘నా మీద ఎంత ప్రేమో’ అని సంతోషించే అధికారులను నేను ఎరుగుదును. ఎదురు చెప్పే వీలు లేని మనిషి నవ్వును ప్రేమగా లెక్కేసుకోవడం ఆ అధికారి చేసే పెద్ద అన్యాయం.

మరి ఏం చేయాలి? ఉద్యోగులు అధికారులను అభిమానించకూడదని ఉత్తర్వు వేయలేం, వేయనూ కూడదు. భారం మోయవలసింది అధికారే. జె.బి.పి. సిన్హా అనే మన దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన నమూనా ఈ విషయంలో నాకు ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. మన దగ్గర అధికారి మొదట ఆదరించాలి, దగ్గరుండి దారి చూపాలి, అయితే ఆ ఆదరణ పనితో ముడిపడి ఉండాలి. కింది ఉద్యోగి పనిలో నిలదొక్కుకునే కొద్దీ తన చేయి తగ్గించుకుంటూ, నిర్ణయాల్లో అతనికి పాలు ఇస్తూ పోవాలి అని ఆయన ప్రతిపాదించారు. మన అధికారుల్లో మంచివాళ్ళు మొదటి సగం బాగా చేస్తారు. రెండో సగం దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే తన మీద ఆధారపడిన మనుషులు చుట్టూ ఉండటం హాయిగా ఉంటుంది.

నేను మేనేజరుగా ఉన్నప్పుడు, ఏ పని చెప్పినా దాని వెనక నియమం ఏదో, ఆ నియమం ఎవరిని కాపాడటానికి వచ్చిందో కూడా చెప్పేదాన్ని. వోచరు మీద రెండో సంతకం ఎందుకని అడిగితే ‘అది రూలు’ అని వదిలేయకుండా, ఆ సంతకం లేకపోతే ఎవరి డబ్బుకు, ఎవరి ఉద్యోగానికి ముప్పో చెబితే, రేపు నేను లేని రోజున కూడా ఆ ఉద్యోగి రెండో సంతకం అడుగుతాడు. నా మాటకు ఎవరైనా ‘అది కుదరదు మేడం, సర్క్యులరు ఒప్పుకోదు’ అంటే, మిగతా స్టాఫు వినేలా మెచ్చుకునేదాన్ని. మొదట్లో వాళ్ళకు అది నచ్చలేదు, అభిమానం ఉన్న చోట కాదనడం ద్రోహమన్న భావన మనలో అంత గట్టిది. తర్వాత అలవాటు పడ్డారు.

మీ పత్రిక ద్వారా బ్యాంకుల, ప్రభుత్వ శాఖల శిక్షణ కేంద్రాలకు నేను చేసే విన్నపం ఇది. కొత్తగా అధికారి హోదాలోకి వచ్చేవారికి ఇచ్చే శిక్షణలో లెడ్జర్లు, సాఫ్ట్‌వేరు, క్రమశిక్షణ నిబంధనలు ఉన్నాయి. కింది ఉద్యోగులు తమను చూసి తమలాగే తయారవుతారన్న సంగతి, తమ కోసం అడగని పనులు కూడా చేస్తారన్న సంగతి, అలా చేయబోతే ఆ నిమిషంలోనే ఆపవలసిన బాధ్యత తమదేనన్న సంగతి మాత్రం నేను వెళ్ళిన ఏ శిక్షణలోనూ ఒక్కరూ చెప్పలేదు. దీనికి ఒక పూట కేటాయించండి. నోటి మాట మీద నడిచే పనులకు వెంటనే కాగితం మీద ధ్రువీకరణ ఇచ్చే పద్ధతి ప్రతి ఆఫీసులోనూ పెట్టండి. ఎవరి కోసమో, ఎవరి పేరు నిలబెట్టడానికో తప్పు చేసిన చిన్న ఉద్యోగుల కేసులు విచారించేటప్పుడు, ఆ పని వల్ల పేరు ఎవరికి వచ్చిందన్న ప్రశ్న కూడా విచారణాధికారి అడిగి రాయాలన్న నియమం తెండి. ఛార్జిషీటు ఐడీ ఉన్నవారికి ఇవ్వక తప్పకపోవచ్చు గానీ, అద్దం కింద ఆ చలానా చూసీ వాపసు ఇవ్వని చేయి ఎవరిదో కూడా రికార్డులో ఉండాలి.

ఇట్లు,
విశ్రాంత గ్రామీణ బ్యాంకు మేనేజరు,
కడప.
(పేరు ప్రచురించవద్దని మనవి.)